మైక్రోవేవ్ తలుపు కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి, గ్యాస్కెట్ పోయిందంటున్నాడు, నిజమేనా?

మాధురి_కుందలహళ్ళి

అందరికీ నమస్కారం. మాది బెంగళూరు, కుందలహళ్ళి గేటు దగ్గర అపార్ట్‌మెంటు. నాలుగేళ్ళ కిందట కొన్న కన్వెక్షన్ మైక్రోవేవ్, 28 లీటర్లది. ఇన్నాళ్ళూ ఏ గొడవా లేదు. నవంబరులో ఈ ఇంటికి మారాం, అప్పట్నుంచీ మొదలైంది. ఏం పెట్టినా తలుపు గాజు లోపలివైపు చెమటలు పట్టినట్టు నీళ్ళు. పిల్లాడికి ఫ్రిజ్‌లోని అన్నం రెండు నిమిషాలు వేడి చేసినా సరే, తలుపు తీయగానే కింది అంచు నుంచి గట్టు మీదికి బొటబొటా కారతాయి. నిన్న అరకిలో బంగాళాదుంపలు పది నిమిషాలు ఉడకబెట్టాను, అయ్యాక గాజు పళ్ళెం తీసి చూస్తే కింద చక్రాల రింగు చుట్టూ మడుగు కట్టి ఉంది. గట్టు కింద అల్మరా తలుపు అంచు అప్పుడే ఉబ్బుతోంది, ఓనరు చూశాడంటే అడ్వాన్సులో కోసేస్తాడని టెన్షన్.

సర్వీసుకి ఫోన్ చేస్తే ఒకబ్బాయి వచ్చాడు. తలుపు రెండుసార్లు తీసి వేసి, "డోర్ గ్యాస్కెట్ పోయింది మేడమ్, ఆవిరి బయటికి వస్తోందంటే రేడియేషన్ కూడా వస్తున్నట్టే" అన్నాడు. 3,800 అవుతుందట. ఆ మాట చెప్పినందుకు 450 తీసుకుని వెళ్ళాడు. రేడియేషన్ అన్నాక మా ఆయన ఓవెన్ ప్లగ్ పీకేసి కూర్చున్నారు. ఎవరికైనా ఇలా అయిందా? మార్పించాలా, కొత్తది కొనాలా?

బీటీఎం_బ్యాచిలర్

అక్కా మాకూ అంతే, నీళ్ళు కారతాయి, తుడుచుకుంటాం, అంతే. ముగ్గురం ఉంటాం, రెండేళ్ళుగా అన్నం దాంట్లోనే వండుతున్నాం, ఎవరికీ కొమ్ములు మొలవలేదు. నేనైతే వంట అయ్యాక ఖాళీగా ఒక నిమిషం తిప్పుతా, లోపలంతా ఆరిపోతుంది.

వంటింటి_వైర్‌మ్యాన్

తమ్ముడూ, ఆ ఖాళీగా తిప్పడం మాత్రం ఇవాళే మానెయ్. లోపల పీల్చుకునేది ఏమీ లేకపోతే ఆ శక్తి ఎక్కడికి పోతుంది? గోడలకి తగిలి తగిలి మళ్ళీ మాగ్నెట్రాన్ మీదికే, అంటే ఆ అలల్ని పుట్టించే భాగం మీదికే వస్తుంది. ఇప్పటికి బతికిందంటే గోడల మీది ఆ కాస్త తడి దాన్ని కాపాడి ఉంటుంది.

మాధురి గారూ, నేను పదకొండేళ్ళు ఇవే రిపేరు చేశాను, మొదట తిరుపతిలో, తర్వాత యలహంకలో. ఇప్పుడు మానేశాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నా. మామూలు మైక్రోవేవ్ తలుపుకి ఫ్రిజ్‌కి ఉన్నట్టు గాలి చొరబడని రబ్బరు గ్యాస్కెట్ ఉండదండీ. పోవడానికి అసలు ఉంటే కదా. తలుపు లోపలి అంచు చుట్టూ ప్లాస్టిక్ పట్టీ కనిపిస్తుంది చూడండి, దాని వెనక ఒక లోహపు గాడి ఉంటుంది, దాన్ని చోక్ అంటారు. ఓవెన్‌లో అలలు 2.45 గిగాహెర్ట్జ్‌వి, అంటే అల పొడవు 12 సెంటీమీటర్ల పైచిలుకు. ఆ పొడవులో నాలుగో వంతు లెక్కన గాడిని కొలిచి చేస్తారు. సందులోకి దూరబోయిన అల ఆ గాడిలోకి వెళ్ళి తిరిగొచ్చి, తనని తానే కొట్టేసుకుంటుంది. గాలి ఆడే సందు ఉన్నా అల దాటదు. గాజు మీద కనిపించే సన్న చిల్లుల జల్లెడ సంగతీ అంతే, చిల్లు మిల్లీమీటరు, అల పన్నెండు సెంటీమీటర్లు. వెలుతురు దాటుతుంది, అది దాటదు.

కాబట్టి ఆవిరి వస్తే రేడియేషన్ కూడా వస్తుందన్న మాట శుద్ధ తప్పు. ఆవిరి రావడం మామూలు. తలుపు వంగినా, కింద పడి సొట్టపోయినా, కొక్కేలు విరిగినా, జల్లెడ చిరిగినా అప్పుడు భయపడాలి, అప్పుడు వాడకూడదు కూడా. మీది అలా ఏమైనా ఉందా?

మాధురి_కుందలహళ్ళి

లేదండీ, తలుపు గట్టిగా టక్కుమని పడుతుంది, ఎక్కడా గీత కూడా లేదు. మీరు చెప్పింది చదివి వినిపిస్తే మా ఆయన ప్లగ్ పెట్టారు. కానీ ఇన్ని నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? నేను అన్నంలో చెంచాడు నీళ్ళు మాత్రమే చల్లుతాను.

సత్య_లెక్కలమాష్టారు

అమ్మాయ్, ఆ నీళ్ళు అన్నంలోవే. నువ్వు చల్లిన చెంచాడు లెక్కలోకే రాదు.

చిన్న లెక్క వేద్దాం. 800 వాట్ల ఓవెన్ 2 నిమిషాలు నడిస్తే 96 కిలోజౌళ్ళు. ఫ్రిజ్‌లోంచి తీసిన 200 గ్రాముల అన్నాన్ని మరిగే వేడికి తేవడానికి సుమారు 60 ఖర్చవుతుంది. మిగతా 36? అన్నం అంతకన్నా వేడెక్కదు, నీళ్ళు ఉన్నంతసేపూ ఎక్కడం కుదరదు. ఆ మిగులంతా నీటిని ఆవిరి చెయ్యడానికే పోతుంది. బళ్ళో గుప్తోష్ణం అని చదివే ఉంటావు, గ్రాము నీటికి 2.26 కిలోజౌళ్ళు. అంటే 16 గ్రాముల నీరు, మూడు చెంచాలకి పైనే. చూడ్డానికి కొంచెమే. కానీ గ్రాము నీరు ఆవిరైతే 1.7 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. 16 గ్రాములకి 27 లీటర్లు! మీ ఓవెన్ లోపలి చోటే 28 అన్నావు. ఇంచుమించు ఓవెన్ నిండా ఉత్త ఆవిరే అన్నమాట.

ఇక బంగాళాదుంపలకి పది నిమిషాలంటే 480 కిలోజౌళ్ళు, అరకిలో దుంపలు వేడెక్కడానికి 135 చాలు. మిగిలినదంతా ఆవిరికే పోతే 150 గ్రాములు. అంత అవదులే, కొంత గిన్నెకీ గాలికీ పోతుంది, సగం వేసుకున్నా 75 మిల్లీలీటర్లు. మీ ఇంట్లో కాఫీ గ్లాసుతో కొలిచి చూడు, ఆ మడుగు అంతే ఉంటుంది. పైగా అరకిలో దుంపలకి పది నిమిషాలు ఎందుకమ్మా, ఆరేడు చాలు, మధ్యలో ఒకసారి తిప్పి పెట్టు.

బీటీఎం_బ్యాచిలర్

మాష్టారూ మీరు మా కాలేజీలో లేకపోవడం మా అదృష్టం.

గూడూరు_గిరి

నేను చెన్నై, వేళచ్చేరి. మాష్టారి లెక్క కరెక్టే, కానీ ఓటీజీలో, అంటే కరెంటు కడ్డీలు కాలి వేడెక్కే మామూలు ఓవెన్‌లో, కేకు చేసినా ఆవిరి వస్తుంది, గాజుకి ఇంత నీరు పట్టదు కదా? తేడా ఎక్కడుందంటే, ఓటీజీలో గోడలూ గాజూ 180 డిగ్రీల్లో కాలుతుంటాయి, ఆవిరి అక్కడ నిలవలేదు. మైక్రోవేవ్ గాలిని వేడి చెయ్యదు, గోడల్ని వేడి చెయ్యదు, తిండిలో ఉన్న నీటిని పట్టుకుంటుంది. తిండి సలసలా, గాజు చల్లగా. చల్లటి చెంబు మీద చెమట పట్టినట్టే ఇదీ. మాధురి గారికి కన్వెక్షన్ ఉంది కదా, వేడి గాలితో కాల్చే ఆ మోడ్‌లో ఏదైనా కాల్చినప్పుడు గాజుకి నీరు పట్టిందేమో గుర్తు చేసుకోండి. పట్టదు.

బెంగళూరులో డిసెంబరు పొద్దున గట్టు మీది గాజు 18 డిగ్రీల్లో ఉంటుంది, ఇంకా తొందరగా పడుతుంది. మా చెన్నైలో ఏ కాలంలోనూ అంత చల్లబడదు కానీ మాది ఇంకో బాధ, పట్టిన నీరు ఆరదు. ఐప్పసి (తమిళుల అక్టోబరు-నవంబరు నెల), కార్తీక మాసాల్లో ఇక్కడ వానలు, గాలే తడి గుడ్డలా ఉంటుంది, తలుపు రాత్రంతా తెరిచి పెట్టినా పొద్దున తడి అలాగే ఉంటుంది. మీకు తెరిచి వదిలేస్తే ఆరుతుంది, మేం గుడ్డ పెట్టి తుడవాల్సిందే.

వంటింటి_వైర్‌మ్యాన్

గిరి గారు చెప్పింది వంద శాతం నిజం. కానీ నాకు ఒకటి అనుమానంగా ఉంది. మాధురి గారు నాలుగేళ్ళు వాడారు, పాత ఇంట్లో కారలేదు, కొత్త ఇంట్లో కారుతోంది. ఓవెన్ అదే, అన్నం అదే. మారింది పెట్టిన చోటు.

లోపల ఫ్యాన్ ఒకటి ఉంటుంది. అది ఉన్నది మాగ్నెట్రాన్‌ని చల్లబరచడానికి. 1947లో అమెరికాలో రేథియాన్ కంపెనీ అమ్మిన మొదటి ఓవెన్లు మనిషంత ఎత్తు, వాటిలో మాగ్నెట్రాన్‌కి నీళ్ళ పైపు కలిపి చల్లబరిచేవాళ్ళు. ఇప్పుడు ఆ పని ఫ్యాన్ చేస్తోంది. ఆ ఫ్యాన్ గాలిలో కొంత భాగాన్ని పక్క గోడకి ఉన్న సన్న చిల్లుల్లోంచి వంట అరలోకి తోస్తారు, అది లోపలి ఆవిరిని తోసుకుంటూ ఇంకో వైపు చిల్లుల్లోంచి వెనక్కో పైకో పక్కకో వెళ్ళిపోతుంది, ఎటన్నది మోడల్‌ని బట్టి. ఆ దారి మూసుకుపోతే ఆవిరి ఎటు పోతుంది? తలుపు సందులోకి. మీరు చెప్పే లక్షణం అచ్చం అదే.

ఒక పని చెయ్యండి. టిష్యూ పేపరు సన్నగా, వేలెడు పొడవు చింపండి. ఒక గ్లాసు నీళ్ళు లోపల పెట్టి ఒక నిమిషం నడుపుతూ, ఆ కాగితం ముక్కని వెనకా పక్కలా చిల్లుల దగ్గర పట్టుకోండి. రెపరెపలాడాలి. ఆడకపోతే ఫ్యాన్ అయినా పోయింది, దారి అయినా మూసుకుంది. వెనక గోడకి ఎంత దూరంలో పెట్టారు?

లలిత_మల్లేశ్వరం

నాకు ఈ సైన్సు అంతా తెలియదు గాని నలభై ఏళ్ళుగా ఇడ్లీ పెడుతున్నదాన్ని, ఆవిరి సంగతి నాకూ కాస్త తెలుసు. మైక్రోవేవ్ ఇడ్లీ స్టాండు మా కోడలు తెచ్చింది. నాలుగు నిమిషాల్లో అయిపోతుందని సంబరం. మూత తీస్తే ఇడ్లీల నెత్తిన గుంటలు, ముద్ద ముద్దగా. ఏమిటా అని చూస్తే మూతకి పట్టిన నీరు చుక్కలు చుక్కలుగా వాటి మీదే పడుతోంది. పాత్ర మారినా రోగం పాతదే! మా అమ్మ ఇత్తడి ఇడ్లీ పాత్రకి మూత కింద గుడ్డ కట్టేది. నేనూ ఒక పల్చటి నూలు గుడ్డని తడిపి గట్టిగా పిండి మూత లోపలివైపు కట్టాను. ఒక్క చుక్క పడలేదు. జరీ గుడ్డ మాత్రం కట్టకండమ్మా, మెరుపులు వస్తాయి, మా కోడలు కట్టి చూసింది.

ఇంకో మాట. మూత తీసేటప్పుడు మీ వైపు కాకుండా అవతలి వైపు ముందు ఎత్తండి. నాకు మణికట్టు మీద ఇంకా మచ్చ ఉంది.

మాధురి_కుందలహళ్ళి

లలిత గారూ, గుడ్డ చిట్కా రేపే చూస్తానండీ.

వైర్‌మ్యాన్ గారూ, కాగితం పట్టి చూశాను. వెనక చెయ్యి పోయేంత జాగా లేదు, గోడకి ఆనించి ఉంది. పక్కనించి పట్టుకుంటే కాగితం కదల్లేదు. అసలు పక్క చిల్లులు కనపడవు, ఎందుకంటే... చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఓవెన్‌కి కవరు ఉంది. మా అత్తగారు గృహప్రవేశానికి కుట్టి తెచ్చారు, దళసరి గుడ్డ, లోపల దూది, అంచుకి లేసు, పక్కలకి జేబులు కూడా, ఆ జేబుల్లో కరెంటు బిల్లులూ గ్యాసు పుస్తకం. మూడు వైపులా కిందిదాకా వేలాడుతుంది. పైన పోపుల డబ్బా, గోధుమపిండి డబ్బా.

బీటీఎం_బ్యాచిలర్

ఓవెన్‌కి స్వెట్టర్ వేశారు అక్కా. బెంగళూరు చలి కదా.

వంటింటి_వైర్‌మ్యాన్

దొరికింది దొంగ. నేను వెళ్ళిన ప్రతి పది ఇళ్ళలో మూడు నాలుగింట్లో ఇదే కథ. టీవీకి కవరు, మిక్సీకి కవరు, ఫ్రిజ్ హ్యాండిల్‌కి కవరు, సరే, వాటికేం కాదు. మైక్రోవేవ్ నడుస్తున్నప్పుడు మాత్రం తీసెయ్యాలండీ. ఆవిరి పోకపోవడం ఒక్కటే కాదు, మాగ్నెట్రాన్ వేడెక్కి మధ్యలో దానంతటదే ఆగిపోతుంది, మళ్ళీ ఆగి ఆగి నడుస్తుంది. మీకు అలా అవుతుండాలి.

మాన్యువల్ తీసి చూడండి, మా ఇంట్లోదానికి వెనక 10, పైన 20, పక్కల 5 సెంటీమీటర్లు వదలమని ఉంది. మీ మోడల్‌కి వేరేగా ఉండొచ్చు. వచ్చినబ్బాయి గ్యాస్కెట్ వెతికే ముందు ఆ కవరు ఎత్తి ఉంటే సరిపోయేది.

మాధురి_కుందలహళ్ళి

అవును! దుంపలప్పుడు ఏడో నిమిషంలో లైటు వెలుగుతూనే ఉంది, వేడి చేస్తున్న చప్పుడు మాత్రం ఆగిపోయింది, కరెంటు తక్కువొచ్చిందేమో అనుకున్నా. జరిపి చూసి చెబుతాను. కవరు తీసినట్టు అత్తగారికి ఎలా చెప్పాలో అది ఇంకా పెద్ద సమస్య.

చింతామణి_శ్రీను

సందర్భం వచ్చింది కాబట్టి నాదీ చెబుతా, ఎలక్ట్రానిక్ సిటీలో ఉంటా. ఆవిరి వస్తే కదా గొడవ, నాకు ఆవిరి రాకపోవడం వల్ల చెయ్యి కాలింది. నున్నటి కొత్త గాజు గ్లాసులో ఫిల్టర్ నీళ్ళు పోసి మూడు నిమిషాలు పెట్టా, తీస్తే ఒక్క బుడగ లేదు, ఆవిరి అంతంతమాత్రం, సరిగ్గా కాగలేదేమో అనుకుని ఇన్‌స్టంట్ కాఫీ పొడి చెంచాతో వేశా. అంతే, టపాకాయలా గ్లాసులో నీళ్ళన్నీ ఒక్కసారి పైకి ఎగిరాయి. సగం నా చేతి మీద, సగం గోడ మీద. ఇది ఎందుకు అవుతుంది?

సత్య_లెక్కలమాష్టారు

దీన్ని అతితాపనం అంటారు నాయనా. నీరు బుడగ కట్టాలంటే ఎక్కడో ఒక గరుకు, ఒక గీత, ఒక నలుసు ఉండాలి, అక్కడ బుడగ మొదలవుతుంది. పొయ్యి మీద గిన్నె అడుగు కాలుతుంటుంది, గరుగ్గానూ ఉంటుంది, బుడగలు వస్తాయి. నున్నటి గాజులో, కదలకుండా, మైక్రోవేవ్‌లో అయితే నీరు మరిగే వేడి దాటి ఇంకొన్ని డిగ్రీలు పైకి పోయినా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటుంది. నువ్వు పొడి వేశావు, కొన్ని వేల గరుకులు ఒక్కసారి దొరికాయి. అంతే.

నీళ్ళు పెట్టే ముందే అందులో ఒక చెక్క పుల్లో, చెక్క చెంచానో వెయ్యి. అవసరానికి మించి పెట్టకు. అయిపోయాక అర నిమిషం ఆగి తియ్యి, మొహం దూరంగా పెట్టు. ఇంకోటి, బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, ఇక్కడ నీరు 97 దగ్గరే మరుగుతుంది. చెన్నైలో గిరి గారికి 100. చెయ్యి కాలడంలో మాత్రం తేడా ఏమీ ఉండదు.

గూడూరు_గిరి

మూడు డిగ్రీలు ఎక్కువని మా పప్పు మీ పప్పు కన్నా ముందు ఉడుకుతుంది మాష్టారూ, ఆ ఒక్క లాభం ఉండనివ్వండి.

నీళ్ళ సంగతి అయిపోయింది కానీ తడి వల్ల వచ్చే అసలు నష్టం ఎవరూ చెప్పలేదు. ఓవెన్ లోపల కుడి గోడకి గోధుమ రంగులో అట్టముక్క లాంటిది ఉంటుంది, చాలామంది అది ప్యాకింగ్ అనుకుని పీకేస్తారు. పీకకండి! అది అభ్రకం. మా గూడూరు వైపు అభ్రకం గనులకి పేరు, చిన్నప్పుడు సైదాపురం వైపు బస్సులో పోతుంటే రోడ్డు పక్క మట్టే తళతళలాడేది, ఆ రేకుల్ని జేబుల్లో వేసుకుని ఇంటికి తెచ్చి పొరలు పొరలుగా విడదీసేవాళ్ళం. ఆ అభ్రకమే ఇక్కడ మాగ్నెట్రాన్ నుంచి అలలు వచ్చే దారికి తెర. అలలకి అడ్డం కాదు, ఆవిరినీ నూనె చిట్లినదాన్నీ లోపలికి పోనివ్వదు. మా ఇంట్లో కూరలు మూత లేకుండా వేడి చేసి చేసి దాని మీద నూనె జిడ్డు పట్టింది, ఆ జిడ్డు మీద ఆవిరి తడి, ఒకరోజు చిటపటమని మెరుపులు, కాలిన వాసన, చూస్తే రూపాయి బిళ్ళంత నల్లటి మచ్చ. ఓవెన్ పోయిందనుకున్నా. కొత్త అభ్రకం షీటు 150 రూపాయలు, పాతదాన్ని పైన పెట్టి గీత గీసి కత్తెరతో కత్తిరించి పెట్టాను, ఇప్పటికీ నడుస్తోంది.

వంటింటి_వైర్‌మ్యాన్

మంచి మాట చెప్పారు. అది మాత్రం ఇంట్లో మార్చుకోవచ్చు, ప్లగ్ పీకి. బయటి రేకు డబ్బా స్క్రూలు మాత్రం ఎవరూ విప్పకండి, లోపల కెపాసిటర్ ఉంటుంది, వేల వోల్టులు, ప్లగ్ పీకాక కూడా పట్టుకుని ఉంటుంది. ఈ పనిలో నాతోటి వాళ్ళు దెబ్బతిన్నది నేను చూశాను.

ఇంకోటి, తడి నిలిచే చోట పెయింటు పొక్కుతుంది, ముఖ్యంగా చక్రాల రింగు తిరిగే గాడిలో. పొక్కి, తుప్పు పట్టి, రేకు బయటపడితే అక్కడా మెరుపులే. మాధురి గారూ, ఆ మడుగు నిలిచిన చోట వేలితో తడిమి చూడండి.

లలిత_మల్లేశ్వరం

మరి మూత పెట్టాలా వద్దా? ఒకళ్ళేమో మూత పెట్టకపోతే జిడ్డు అంటారు, మూత పెడితే లోపలే నీరు కడుతుంది.

చింతామణి_శ్రీను

నేను మూత పెట్టను, ఆవిరి అంతా బయటికి పోనీ, నీళ్ళు కారితే తుడుచుకుందాం.

సత్య_లెక్కలమాష్టారు

మూత పెట్టు నాయనా, కానీ బిగించకు. కూరకి, అన్నానికి చిల్లులున్న ప్లాస్టిక్ మూత బోర్లించడం మంచిది. ఆవిరిలో కొంత గిన్నెలోనే ఉండి అన్నం మెత్తబడుతుంది, కొంత చిల్లుల్లోంచి పోతుంది, జిడ్డు చిమ్మదు. గట్టిగా బిగిస్తే డబ్బా ఉబ్బి మూత ఎగురుతుంది, ఆ ఆవిరి 27 లీటర్లని మరిచిపోకు. పెంకుతో గుడ్డు పెట్టడం కూడా అదే కథ. వంకాయ, బంగాళాదుంప పెట్టే ముందు ఫోర్కుతో నాలుగు చోట్ల గుచ్చాలి.

బీటీఎం_బ్యాచిలర్

వంకాయ గుచ్చకుండా పెట్టి మూడు గంటలు శుభ్రం చేసినవాడు ఇక్కడ ఒకడున్నాడు, పేరు చెప్పను.

ఒక డౌటు. నిన్నటి గారెలు, బజ్జీలు పెడితే పైన సరే, అడుగు మాత్రం తడిసి ముద్దవుతుంది, ఎందుకు? ప్లేటులో నీళ్ళు ఉంటాయి!

గూడూరు_గిరి

అదీ ఇదే. గారె లోపలి నీరు ఆవిరై అన్ని వైపులా బయటికి వస్తుంది, పైన వచ్చింది పోతుంది, కింద వచ్చింది చల్లటి పింగాణీ ప్లేటుకి తగిలి మళ్ళీ నీరై గారెకే పడుతుంది. టిష్యూ రెండు మడతలు వేసి దాని మీద పెట్టు, 30 సెకన్లకి మించకుండా. కరకర కావాలంటే మైక్రోవేవ్‌ని అడక్కు, పెనం మీద పెట్టుకో. పుల్కాలకి మాత్రం పిండిన తడి గుడ్డ చుట్టి 20 సెకన్లు, అద్భుతం.

పెన్నా_తీరం

కొత్త మెంబర్‌ని, బెళ్ళందూరులో ఉంటాం. నాలుగు రోజులుగా చదువుతున్నా. మా ఓవెన్ డిస్‌ప్లే గాజు వెనక ఆవిరి పట్టి అంకెలు కనపడటం లేదు, పైగా ఆ అంకెల మధ్య ఒక బొద్దింక పిల్ల నడుస్తోంది. ఏడు నిమిషాలు పెడితే దాని మీసం వల్ల ఎనిమిదిలా కనపడుతోంది. నవ్వుకోకండి, నిజంగానే.

వంటింటి_వైర్‌మ్యాన్

నవ్వడం లేదండీ, బెంగళూరులో నా సంపాదనలో సగం బొద్దింకలదే. వాటికి కావాల్సినవి రెండే, వెచ్చదనం, తడి. మైక్రోవేవ్ రెండూ ఇస్తుంది, గడియారం వెలిగి ఉంటుంది కాబట్టి రాత్రంతా గోరువెచ్చగా కూడా ఉంటుంది. డిస్‌ప్లే వెనకదాకా ఆవిరి వచ్చిందంటే మీకూ గాలి దారి ఎక్కడో మూసుకుంది, లేకపోతే పొయ్యికి దగ్గరగా పెట్టి ఉంటారు, కుక్కర్ ఆవిరి పక్కనించి పోతుంటుంది. వాడనప్పుడు స్విచ్ బోర్డు దగ్గరే ఆపెయ్యండి, గడియారం లేకపోతే ఏమీ కాదు. జెల్ మందు ఓవెన్ కాళ్ళ పక్కన చుక్క పెట్టండి, లోపల స్ప్రే మాత్రం కొట్టకండి, రేపు అందులోనే అన్నం పెడతారు. బటన్లు పనిచెయ్యకుండా పోతే అప్పుడు మెకానిక్‌ని పిలవండి.

పెన్నా_తీరం

పొయ్యికి జానెడు దూరంలో ఉంది. కుక్కర్ విజిల్ సరిగ్గా దాని మీదికే వస్తుంది. ఇప్పుడే అర్థమైంది.

మాధురి_కుందలహళ్ళి

మూడు వారాలైంది, ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఓవెన్ గోడకి బెత్తెడు ముందుకి జరిపాం, కవరు తీశాం, పైన డబ్బాలు తీశాం. అదే కాగితం వెనక పట్టుకుంటే చేతిలోంచి ఎగిరిపోయేలా కొట్టింది గాలి! అదే అన్నం, అదే రెండు నిమిషాలు, ఇప్పుడు గాజు మధ్యలో కాస్త మంచులా పట్టి తలుపు తీశాక నిమిషంలో పోతోంది, కింద ఒక్క చుక్క లేదు. దుంపలు చిల్లుల మూత పెట్టి ఏడు నిమిషాలే, మధ్యలో తిప్పి, బ్రహ్మాండంగా ఉడికాయి, కింద తుడిస్తే చెంచాడు తడి. వంట అయ్యాక తలుపు రెండు వేళ్ళంత తెరిచి పెడుతున్నా, లైటు వెలుగుతూ ఉంటుందని స్విచ్ కట్టేస్తున్నా. వారానికోసారి కన్వెక్షన్‌లో 100 డిగ్రీల మీద ఐదు నిమిషాలు పెట్టి ఆరబెడుతున్నా, మాన్యువల్‌లోనే ఉంది ఆ మాట, ఇన్నాళ్ళూ ఎవరు చదివారు.

ఇంకో విచిత్రం గమనించా. గాజు మీద చుక్కలు ఆరితే ఒక్క మచ్చ ఉండటం లేదు. మా బోరు నీళ్ళతో గ్లాసు కడిగితే తెల్లటి మరకలు పోవు, ఇవేమో శుభ్రంగా ఆరిపోతున్నాయి.

సత్య_లెక్కలమాష్టారు

అవి ఆవిరై మళ్ళీ నీరైనవి కదమ్మా, డిస్టిల్డ్ వాటర్ లాంటివి. ఉప్పులన్నీ గిన్నెలోనే ఉండిపోయాయి. ఎప్పుడైనా గాజు మీద తెల్ల మచ్చ కనిపిస్తే అది ఆవిరి కాదు, గంజి పొంగి చిమ్మిందని తెలుసుకో.

లలిత_మల్లేశ్వరం

కవరు ఏం చేశావమ్మా? అది చెప్పలేదు.

మాధురి_కుందలహళ్ళి

మొన్న సంక్రాంతికి అత్తగారు వచ్చారు. ముందే తీసి దాచేశాను, వంటింట్లోకి రాగానే మొదట అదే అడిగారు. గిరి గారు చెప్పిన మెరుపుల కథా, లలిత గారి జరీ గుడ్డ కథా కలిపి కొంచెం కారం ఎక్కువ వేసి చెప్పాను. ఆవిడ ఏమీ మాట్లాడలేదు. మర్నాడు చూస్తే కుట్లు విప్పి, కొలతలు తీసుకుని, వెట్ గ్రైండర్‌కి సరిపోయేలా మళ్ళీ కుట్టేశారు, జేబులు కూడా ఉన్నాయి. వైర్‌మ్యాన్ గారూ, గ్రైండర్‌కి పర్వాలేదు కదా?

వంటింటి_వైర్‌మ్యాన్

ఆపేసి ఉన్నప్పుడు నిక్షేపంగా వెయ్యండి.

గూడూరు_గిరి

అల్మరా అంచు ఉబ్బింది అన్నారు, ఓనరు చూశాడా?

మాధురి_కుందలహళ్ళి

ఇంకా లేదు. ఎండలో ఆరబెట్టి, ఫెవికాల్ పట్టించి, రెండు వైపులా చెక్కముక్కలు పెట్టి క్లాంపుతో ఒక రాత్రి బిగించాం. దూరం నుంచి తెలియదు. ఆయన వచ్చేది మార్చిలో.